బాలిగ్ అయినంత మాత్రాన నఫఖా ఆగిపోతుందా?

భార్యాభర్తల మధ్య పొరపొచ్చాలు వచ్చి ఒక సంసారం రెండు ఇళ్ళుగా చీలినప్పుడు, పిల్లల పోషణ విషయంలో తండ్రి నోట తరచుగా రెండు మాటలు వినవస్తాయి. "వాడు బాలిగ్ అయినాడు, ఇక వాని తిండీ బట్టా నా మీద లేవు" అనేది మొదటిది. "వాణ్ణి ఆఖ్ చేసినాను, వానికీ నాకూ సంబంధం లేదు" అనేది రెండవది. మొదటి మాటలో కొంత నిజమూ, చాలా పొరపాటూ ఉన్నవి. రెండవ మాటలో నిజమన్నదే లేదు. అయినా ఈ రెండు మాటలే షరీఅత్ పేరిట చెలామణి అవుతున్నవి. వాటిని నమ్మి ఎందరో తల్లులు అడగవలసిన హక్కును అడగక ఊరుకుంటున్నారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు పూర్వం వరంగల్లు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న అవి వేర్వేరు జిల్లాలైనవి. 2022 జూన్‌లో కొత్త జిల్లాలకు జిల్లా న్యాయస్థానాలు కూడా వచ్చినవి. భూపాలపల్లి నుండి అరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వరంగల్లు కోర్టు మెట్లెక్కవలసిన అవస్థ చాలావరకు తప్పినది. కాని కోర్టు దగ్గరైనంత మాత్రాన హక్కు తెలిసి రాదు. తమ పిల్లలకు ఏది, ఎంతవరకు రావలసి ఉన్నదో ముందు తెలిసి ఉండవలెను.

పదిహేనేళ్ళ లెక్క ఎక్కడిది?

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉహుద్ యుద్ధ సమయానికి పద్నాలుగేళ్ళ బాలుడు. తననూ సైన్యంలో చేర్చుకొమ్మని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ముందు నిలిచినా అనుమతి లభించలేదు. కందకయుద్ధం నాటికి ఆయనకు పదిహేనేళ్ళు. అప్పుడు అనుమతి లభించినది. చాలా ఏళ్ళ తర్వాత ఆయన శిష్యులు నాఫే ఈ సంగతిని ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్‌కు వినిపించగా, చిన్నవారికీ పెద్దవారికీ మధ్య హద్దు ఇదేనని ఆయన నిర్ణయించినారు. పదిహేనేళ్ళు నిండినవారికి సైనిక భృతి ఏర్పరచవలసినదిగానూ, అంతకు తక్కువ వయసువారిని పోషింపబడే కుటుంబ సభ్యుల లెక్కలో చేర్చవలసినదిగానూ తన అధికారులకు వ్రాసినారు. ఒక వయసు హద్దు పాలనలోకి ఎట్లా వచ్చినదో, ఆ హద్దుకు ఇవతల ఉన్నవారు ఎవరి పోషణలో ఉన్నారో రెండూ ఈ ఒక్క ఉత్తరువులోనే కనిపిస్తవి.

శరీరంలో యుక్తవయస్సు చిహ్నాలు కనిపిస్తే బాలుడైనా బాలికైనా బాలిగ్ అయినట్లే. చిహ్నాలు కనిపించకుంటే పదిహేనేళ్ళు నిండగానే బాలిగ్‌గా పరిగణించవలెనని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్, ఇమామ్ షాఫయీ గార్ల అభిప్రాయం. ఇమామ్ అబూ హనీఫా గారు మాత్రం బాలునికి పద్దెనిమిది, బాలికకు పదిహేడు అన్నారు. హనఫీ ధర్మవేత్తలు ఫత్వా ఇచ్చునది పదిహేనేళ్ళ మాట మీదనే. ఉస్మానియా ఖిలాఫత్ కాలపు మజల్లా చట్టం కూడా బాలునికి పన్నెండు, బాలికకు తొమ్మిది కనిష్ఠ వయసుగా, ఇద్దరికీ పదిహేను గరిష్ఠ వయసుగా నిర్ణయించినది.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. బాలిగ్ కావడంతోనే సమస్తమూ ఒక్కసారి మారిపోతుందని భావించడంతోనే పొరపాటు మొదలవుతుంది. బులూగ్‌తో నమాజు, రోజా విధి అవుతవి. ఆస్తి చేతికి రావడానికి మాత్రం అది చాలదు. సూరా నిసా 6వ ఆయత్‌లో అనాథల సంరక్షకులకు రెండు షరతులు చెప్పబడినవి. పిల్లలు వివాహ వయస్సుకు చేరవలెను. వారిలో మంచిచెడ్డలు తెలిసి వ్యవహరించే నేర్పు కనిపించవలెను. ఆ నేర్పునే రుష్ద్ అంటారు. అది కనిపించిన తర్వాతనే వారి సొమ్ము వారికి అప్పగించవలెను. అప్పటివరకు వారిని పరీక్షిస్తూ ఉండవలెనని కూడా ఆ ఆయత్ ఆదేశం. పరీక్షించడమంటే ఏమిటో ధర్మవేత్తలు వివరించినారు: తెలివి వచ్చిన పిల్లవాని చేతికి కొద్దిపాటి సొమ్మిచ్చి, అంగట్లో క్రయవిక్రయాలు చేయనిచ్చి, ఎట్లా నడుపుకుంటాడో చూడడం. బాలిగ్ అయినా రుష్ద్ రాని యువకుని ఆస్తిని ఇరవై అయిదేళ్ళ వరకు ఆపి ఉంచవచ్చునని ఇమామ్ అబూ హనీఫా గారన్నారు. ఆయన శిష్యులిద్దరూ రుష్ద్ వచ్చేవరకు ఎన్నేళ్ళయినా ఇవ్వరాదన్నారు.

పాశ్చాత్య దేశాలలో మైనరును ముందుగానే మేజరుగా ప్రకటించే పద్ధతి కొన్ని చోట్ల ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియాలో పద్నాలుగేళ్ళు నిండి, తల్లిదండ్రుల సమ్మతితో వేరుగా ఉంటూ, తన ఖర్చులు తానే చూసుకునే బాలుడు కోర్టు ద్వారా ఆ హోదా పొందవచ్చును. దానితో తల్లిదండ్రుల పోషణ బాధ్యత ముగుస్తుంది. ఫ్రాన్సులో పదహారేళ్ళ నుండి అటువంటి ఏర్పాటు ఉన్నది. భారతదేశపు చట్టంలో ఇది లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండితే మేజరు. కోర్టు సంరక్షకుణ్ణి నియమించిన మైనరుకు పూర్వం ఇరవై ఒక్క ఏళ్ళ వరకు మైనారిటీ కొనసాగేది. 1999 సవరణతో అదీ పోయినది. పిల్లవాడు ఇల్లు వదలిపోయినా, సంపాదనలో పడినా, తండ్రితో మాట మానినా పద్దెనిమిదేళ్ళకు ముందు అతడు చట్టం దృష్టిలో మైనరే.

అయితే ఆ 1875 చట్టమే వివాహం, మెహర్, తలాఖ్, దత్తత విషయాలలో తన జోక్యం లేదని 2వ సెక్షన్‌లో చెప్పినది. అందుచేతనే పదిహేను, పద్దెనిమిది అనే రెండు అంకెలూ మన మధ్య పక్కపక్కనే నడుస్తున్నవి. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలోని ఒకే క్లాజులో ఇవి రెండూ ఉన్నవి: పదిహేనేళ్ళ లోపు తండ్రి గాని మరో సంరక్షకుడు గాని చేసిన నికాహ్‌ను, కాపురం జరగకుంటే, పద్దెనిమిదేళ్ళ లోపు ఆ అమ్మాయి నిరాకరించవచ్చును. ఇక నఫఖా విషయానికి వస్తే మెజారిటీ చట్టపు పద్దెనిమిదీ కాదు, బులూగ్ పదిహేనూ కాదు, దాని లెక్క వేరు.

నఫఖా హద్దు వయస్సు కాదు, శక్తి

సూరా బఖరా 233వ ఆయత్‌లో పాలు త్రాగే బిడ్డ తల్లికి తిండీ బట్టా సమకూర్చవలసిన బాధ్యత బిడ్డ తండ్రిపై మోపబడినది. సూరా తలాఖ్ 6, 7 ఆయత్‌లలో, తలాఖ్ పొందిన తల్లి తన బిడ్డకు పాలిస్తే ఆమెకు ప్రతిఫలం ఇవ్వవలెననీ, కలవాడు తన కలిమిని బట్టీ, లేనివాడు తనకు ఇవ్వబడిన దానిని బట్టీ ఖర్చు చేయవలెననీ చెప్పబడినది. తలాఖ్‌తో భార్యాభర్తల బంధం తెగిపోవచ్చును గాని తండ్రీ బిడ్డల బంధం తెగదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఆధారం అక్కరలేదు.

అబూ సుఫ్యాన్ భార్య హింద్ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చి, తన భర్త పిసినారి అనీ, తనకూ తన బిడ్డకూ చాలినంత ఇవ్వడనీ విన్నవించుకున్నది. న్యాయమైన పద్ధతిలో, తనకూ బిడ్డకూ చాలినంత అతనికి తెలియకుండా తీసుకోవచ్చునని ఆమెకు అనుమతి లభించినది. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. భర్త సొమ్ము ముట్టుకోవడానికి సాధారణంగా అతని సమ్మతి కావలెను. బిడ్డ ఆకలి ముందు ఆ సమ్మతి అవసరం లేకపోయినది.

ఈ ఆధారాల మీద హనఫీ ధర్మవేత్తలు కట్టిన నియమాలు ఈ విధంగా ఉన్నవి. ఆస్తి లేని పసిపిల్లల పోషణ తండ్రి ఒక్కని బాధ్యత. అందులో తల్లికి గాని ఇతరులకు గాని వాటా లేదు. పిల్లవానికి సొంత ఆస్తి ఉంటే ఆ ఆస్తి నుండే ఖర్చు చేయవచ్చును. కుమారుని పోషణ అతడు సంపాదించగల శక్తి పొందేవరకు. కుమార్తె పోషణ ఆమె నికాహ్ జరిగి భర్త ఇంటి పోషణలోకి వెళ్ళేవరకు, వయస్సు ఎంతైనా సరే. ఆమె వితంతువై గాని తలాఖ్ పొంది గాని ఆధారం లేక తిరిగి వస్తే ఆ బాధ్యత మళ్ళీ తండ్రి మీదికే వస్తుంది. అంగవైకల్యం వల్లనో మతిస్థిమితం లేకనో సంపాదించలేని కుమారుడు ముప్పై ఏళ్ళవాడైనా తండ్రి నఫఖాకు అర్హుడే. శ్రద్ధగా విద్యనభ్యసిస్తూ సంపాదించే వ్యవధి లేని కుమారుణ్ణి కూడా తర్వాతి కాలపు ధర్మవేత్తలు ఈ లెక్కలో చేర్చినారు. విద్య పేరు చెప్పి తిరిగేవాణ్ణి చేర్చలేదు. ఈ తేడాను వారు ప్రత్యేకంగా చెప్పినారు.

కాబట్టి "బాలిగ్ అయినాడు" అన్న మాట ఆరోగ్యవంతుడై పనికి సమర్థుడైన కుమారుని విషయంలో మాత్రమే నిజం. కుమార్తె విషయంలో ఆ మాటకు చోటే లేదు. జనగామలో ఇంటరు చదివే పదహారేళ్ళ అమ్మాయికి, తల్లి వద్ద ఉన్నదన్న కారణం చేత తండ్రి నెలసరి ఖర్చు ఆపివేశాడనుకుందాం. ఆమె బాలిగ్ అయినందువల్ల ఆ తండ్రికి షరీఅత్‌లో ఏ విముక్తీ లేదు.

తల్లి వద్ద ఉండడమన్న కారణం గురించి కూడా ఒక మాట చెప్పవలెను. చిన్నపిల్లలను తన వద్ద ఉంచుకొని పెంచే హక్కు, అంటే హిజానత్, హనఫీ ఫిఖ్‌హ్‌లో కుమారునికి ఏడేళ్ళు వచ్చేవరకు, కుమార్తె బాలిగ్ అయ్యేవరకు తల్లిది. పెంపకం తల్లిది, ఖర్చు తండ్రిది. ఈ రెండూ వేరువేరని తెలియకనే కొందరు "పిల్లలను నా దగ్గరికి పంపితే ఇస్తాను" అని బేరం పెడుతుంటారు. ఖులా సమయంలో పిల్లల ఖర్చు తానే భరిస్తానని తల్లి ఒప్పుకున్న సందర్భాలలో కూడా, ఆమె నిరుపేద అయి బిడ్డ ఆకలితో ఉండే స్థితి వస్తే, ముందు తండ్రి చేత ఇప్పించవలెననీ, ఆమెకు కలిగినప్పుడు అతడు ఆమె నుండి రాబట్టుకోవలెననీ ధర్మవేత్తలు తీర్పు చెప్పినారు. తల్లిదండ్రుల ఒప్పందాలకు బిడ్డ కడుపును తాకట్టు పెట్టనివ్వలేదన్నమాట.

తండ్రి బీదవాడైతే? చేతులు ఆడుతున్నంతవరకు కష్టపడి సంపాదించి పోషించవలెను. తల్లి కలిగినదైతే ఆమె ఖర్చు పెడుతుంది. అది తండ్రి మీద అప్పుగా నిలుస్తుంది. బిడ్డకు చెల్లించవలసిన ఇతర బాకీల కోసం తండ్రిని చెరలో వేయకూడదని హనఫీ నియమం. ఒక్క నఫఖా విషయంలో మాత్రం, ఇవ్వగలిగి కూడా ఇవ్వని తండ్రిని చెరలో వేయవచ్చునన్నారు. తండ్రి పట్ల అంత మర్యాద పాటించిన ఫిఖ్‌హ్ ఇక్కడ మాత్రం ఎందుకు కఠినమైనదో హిదాయా వంటి గ్రంథాలు కారణం చెప్పినవి: నఫఖా ఆపడమంటే ప్రాణానికి ముప్పు తేవడమే.

పనికి వెళ్ళే బాలుని కూలి

మహబూబాబాద్ మిర్చి మార్కెట్టులోనో, ఏదైనా మెకానిక్ షాపులోనో పనికి కుదిరిన పదిహేనేళ్ళ బాలుని సంగతి ఏమిటి? అతడు సంపాదిస్తున్నాడు గనుక తండ్రి బాధ్యత తీరినట్లేనా?

17వ శతాబ్దంలో ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలో ఈ విషయం వివరంగా ఉన్నది. పని చేయగల వయసుకు వచ్చిన కుమారుణ్ణి తండ్రి ఒక వృత్తిలో పెట్టవచ్చును. ఆ కూలి నుండి ఆ కుమారునికే ఖర్చు చేయవలెను. మిగిలినది దాచి, బాలిగ్ అయిన తర్వాత అతనికి అప్పగించవలెను. తండ్రి దుబారా మనిషైతే ఆ మిగులు సొమ్మును ఖాజీ తీసుకొని నమ్మకస్థుని చేతిలో ఉంచుతాడు. కుమార్తెలను మాత్రం కూలికి పెట్టే అధికారం తండ్రికి లేదు. కొడుకు కూలిని తన సొమ్ముగా భావించి తన ఖర్చులకు వాడుకునే తండ్రులు ఈ మాటలను జాగ్రత్తగా గమనించవలెను. నేటి చట్టం ప్రకారమైతే 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను, కుటుంబ పనుల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, పనిలో పెట్టడం నేరం. పద్నాలుగు నుండి పద్దెనిమిది వరకు ప్రమాదకరమైన పనులు నిషిద్ధం.

"ఆఖ్" అనే మాట

కొడుకు చెప్పిన మాట వినకపోతేనో, ఇష్టం లేని పెళ్ళి చేసుకుంటేనో, తల్లి పక్షం వహిస్తేనో పత్రికలో ప్రకటన వేయించి, నోటరీ కాగితం మీద ఆఖ్‌నామా వ్రాయించే ఆచారం మన సమాజంలో పాతుకుపోయినది. అరబీలో ఆఖ్ అంటే తల్లిదండ్రులకు అవిధేయుడైనవాడు. అది కొడుకు చేసిన పాపానికి పేరే గాని తండ్రి చేతిలోని అధికారానికి పేరు కాదు. ఆఖ్‌నామా వలన నసబ్ తెగదు. వారసత్వం పోదు, తండ్రి మరణించిన క్షణాన ఆ కొడుకు వాటా అతనికి చేరుతుంది. అతడు మైనరైతే నఫఖా కూడా పోదు. ఆ కాగితం చూపి మైనరు పోషణ ఖర్చును తప్పించుకోవడానికి ఏ కోర్టులోనూ వీలు లేదు. ఆ ప్రకటనకు పెట్టిన డబ్బు పిల్లవాని స్కూలు ఫీజుకైనా పనికివచ్చేది.

మైనరు ఆస్తి

తండ్రి మరణించిన ఇంట్లో ప్రశ్న మరో రూపం ధరిస్తుంది. భూపాలపల్లిలో ఒక గని కార్మికుడు భార్యనూ ఇద్దరు మైనరు పిల్లలనూ వదలి మరణించాడనుకుందాం. 1972 గ్రాట్యుటీ చట్టం 4వ సెక్షన్ పెట్టిన నియమం ప్రకారం మైనరు వాటా నేరుగా ఎవరి చేతికీ ఇవ్వరు. కంట్రోలింగ్ అథారిటీ వద్ద జమచేసి, మేజరయ్యేవరకు మైనరు ప్రయోజనం కోసం పెట్టుబడిగా ఉంచుతారు. ఇది ఆ తల్లికి ఇబ్బందిగా తోచవచ్చును గాని, సూరా నిసాలోని ఆదేశానికి ఇది దూరమైన ఏర్పాటు కాదు.

భూమి, ఇంటి విషయంలో ఇంకా పెద్ద చిక్కు ఉన్నది. హనఫీ ధర్మశాస్త్రంలో మైనరు ఆస్తికి సంరక్షకులు తండ్రి, తండ్రి నియమించిన వసీ, ఆ తర్వాత తాత, తాత నియమించిన వసీ, ఆపైన ఖాజీ. తల్లికి పెంపకపు హక్కు ఉన్నా, వసీగా నియమింపబడితే తప్ప ఆస్తిపై అధికారం లేదు. 1918లో ప్రీవీ కౌన్సిల్ ఇమామ్‌బందీ కేసులో, ఆ అధికారం లేకుండా తల్లి చేసిన మైనరు స్థిరాస్తి విక్రయం చెల్లదని తీర్పు ఇచ్చినది. 1952లో సుప్రీంకోర్టు అదే సూత్రాన్ని అనుసరించినది. కనుక జనగామలో పిల్లల చదువుకోసమని మంచి ఉద్దేశ్యంతోనే తల్లి ప్లాటు అమ్మినా, పిల్లల వాటా మేరకు ఆ అమ్మకం నిలవదు. కొన్నవాడూ నష్టపోతాడు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టు ద్వారా ముందుగా సంరక్షకురాలిగా నియామకం పొంది, అమ్మకానికి అనుమతి తీసుకొనడమే ఆమెకు సరైన మార్గం. కొంత జాప్యమే గాని దీనికి వేరే దగ్గర దారి లేదు.

కోర్టు ద్వారా నఫఖా

1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమలులోకి వచ్చినది. తమను తాము పోషించుకోలేని మైనరు పిల్లలకు, శారీరక లేక మానసిక లోపం చేత సంపాదించలేని పెద్దపిల్లలకు, తండ్రి చేత నెలసరి భరణం ఇప్పించే అధికారం ఈ సెక్షన్‌లో ఉన్నది. నెలకు అయిదు వందల రూపాయల పరిమితి 2001లోనే తొలగినది. మైనరు కుమార్తెకు వివాహమై భర్తకు స్తోమత లేకుంటే అప్పుడు కూడా తండ్రి మీదనే ఆర్డరు వేయవచ్చును. నఫఖా బరువు దించుకోవడానికే పద్దెనిమిదేళ్ళ లోపు కూతురికి తొందరపడి పెళ్ళి చేసే తండ్రికి ఆ బరువు దిగదు. పైగా 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద కేసు వచ్చి పడుతుంది.

షాబానో కేసు తర్వాత వచ్చిన 1986 చట్టంలో, తలాఖ్ పొందిన తల్లి వద్ద ఉన్న బిడ్డకు పుట్టిన నాటి నుండి రెండేళ్ళ వరకు తండ్రి ఇవ్వవలెనని ఉన్నది. దీనిని పట్టుకొని, రెండేళ్ళు దాటిన పిల్లలకు ఇక ఏమీ ఇవ్వనక్కరలేదని కొందరు వాదించినారు. బీహారుకు చెందిన నూర్ సబా ఖాతూన్ కేసులో ముగ్గురు పిల్లలకు తలా 150 రూపాయలు ఇమ్మన్న ఆర్డరు ఈ వాదన మీదనే హైకోర్టులో దెబ్బతిన్నది. 1997లో సుప్రీంకోర్టు దానిని సరిదిద్దినది. ఆ రెండేళ్ళ సొమ్ము పాలిచ్చే తల్లికి సంబంధించినదనీ, పిల్లల హక్కు దానితో నిమిత్తం లేకుండా మేజరయ్యేవరకు లేక తమను తాము పోషించుకోగలిగేవరకు, ఆడపిల్లలకు వివాహమయ్యేవరకు కొనసాగుతుందనీ తీర్పు చెప్పినది. ముస్లిం పర్సనల్ లాలో తండ్రి బాధ్యత ఏమిటో వివరించిన తర్వాతనే ఆ తీర్పు వెలువడినదని గుర్తుంచుకోవలెను. తలాఖ్ పొందిన స్త్రీ స్వయంగా 125వ సెక్షన్ కింద అడగవచ్చునని 2024 జూలై 10న సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన తెలంగాణ నుండి వెళ్ళినదే.

పద్దెనిమిదేళ్ళు దాటిన అవివాహిత కుమార్తె విషయంలో మేజిస్ట్రేటు ముందు చిక్కు రావచ్చును. ఆమె పర్సనల్ లా ప్రకారం తన నఫఖాను ఫ్యామిలీ కోర్టులో, అది లేనిచోట సివిల్ కోర్టులో అడగవలెను. ఊరి ఖాజీ సాహెబ్ రాజీ కుదర్చవచ్చును, తండ్రికి దైవభీతి గుర్తు చేయవచ్చును. కాని నఫఖా డిక్రీ ఇచ్చే న్యాయాధికారం 1880 ఖాజీల చట్టం ఆయనకు ఇవ్వలేదు. అందుచేత రాజీ కుదిరితే దానిని నోటిమాటగా వదలక, నెలకు ఎంత, ఏ తేదీన అన్నది కాగితం మీద పెట్టుకొనవలెను.

స్త్రీలకూ పిల్లలకూ 1987 న్యాయసేవాధికార చట్టం కింద, ఆదాయంతో నిమిత్తం లేకుండా, వకీలు ఉచితంగా లభిస్తాడు. తండ్రి హైదరాబాదులోనో గల్ఫులోనో ఉన్నా, తల్లి తానున్న జిల్లాలోనే పిటిషన్ వేయవచ్చును. మధ్యంతర భరణం విషయం నోటీసు అందిన అరవై రోజులలో వీలైనంతవరకు తేల్చవలెనని చట్టం. ఇద్దరూ తమ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో చూపవలెననీ, భరణాన్ని పిటిషన్ వేసిన తేదీ నుండి లెక్కకట్టవలెననీ 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. చెల్లించకపోతే బాకీ పడిన ప్రతి నెలకూ ఒక నెల వరకు జైలు ఉండవచ్చును. అయితే వసూలుకు బాకీ పడిన ఏడాది లోపలే దరఖాస్తు పెట్టవలెను.

హనఫీ ఫిఖ్‌హ్‌లో కూడా గడిచిపోయిన రోజుల నఫఖా, ఖాజీ తీర్పో పరస్పర ఒప్పందమో లేకుంటే, సాధారణంగా తండ్రి మీద అప్పుగా నిలవదు. "ఈ ఏడాది కాకుంటే వచ్చే ఏడాది అడుగుదాం" అని తల్లి ఓపిక పట్టిన నెలలు రెండు చోట్లా లెక్కలోకి రావు. పిటిషన్ వేసిన రోజు నుండే లెక్క మొదలవుతుంది.